‘ఎక్స్‌ప్లెయిన్ మి’ ఎందుకు కుదరదు? ఇంగ్లీషు క్రియల రెండు కర్మల సంగతి

‘టెల్ మి ద రీజన్’ అంటే ఇంగ్లీషువాళ్లు ఒప్పుకుంటారు. ‘ఎక్స్‌ప్లెయిన్ మి ద రీజన్’ అంటే ఒప్పుకోరు. తెలుగువాడికి ఇది కొంత అన్యాయంగానే కనిపిస్తుంది. ‘నాకు కారణం చెప్పు’, ‘నాకు కారణం వివరించు’ అనే రెండు వాక్యాల్లోనూ ‘నాకు’ ఒక్కలాగే ఉంది, కారణమూ ఒక్కలాగే ఉంది, అర్థంలోనూ పెద్ద తేడా లేదు. అయినా ఇంగ్లీషులో ఒక క్రియ మనిషిని నేరుగా తన పక్కన ఉండనిస్తుంది, రెండోది మధ్యలో ‘టు’ పెట్టనిదే దగ్గరికి రానివ్వదు. బడిలో దీనికి దొరికే సమాధానం చాలా చిన్నది: కొన్ని క్రియలకు రెండు కర్మలుంటాయి, ఒకటి డైరెక్ట్ ఆబ్జెక్ట్, ఇంకొకటి ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్, ‘గివ్ హిమ్ ఎ బుక్’ అన్నా ‘గివ్ ఎ బుక్ టు హిమ్’ అన్నా ఒకటే. ఇందులో మొదటి సగం నిజం. చిక్కంతా ‘ఒకటే’ అన్న రెండో సగంలో ఉంది. ఆ రెండు రూపాలను ఒకదానికి బదులు మరొకటి వాడుకోగలిగే క్రియలు కొన్నే ఉన్నాయి. వాటిలోనూ ఏ రూపం ఎప్పుడు నప్పుతుందో నిర్ణయించే కారణాలు వేరే ఉన్నాయి.

ముందు మామూలు వాక్యంతో మొదలుపెడదాం. ‘రాధ రవికి పుస్తకం ఇచ్చింది’ అనే వాక్యాన్ని తెలుగులో ఎటు తిప్పినా నష్టం లేదు. ‘రవికి రాధ పుస్తకం ఇచ్చింది’, ‘పుస్తకం రవికి రాధ ఇచ్చింది’, ‘ఇచ్చింది రాధ, రవికి పుస్తకం’ అని ఎలా అన్నా ఇచ్చినది రాధే, పుచ్చుకున్నది రవే. నొక్కు మారుతుంది గానీ ఎవరు ఎవరో తారుమారు కారు, ఎందుకంటే పుచ్చుకున్నవాడి పేరుకు ‘కి’ అంటుకుని ఉంది; రవి వాక్యంలో ఎక్కడికి వెళ్లినా ఆ గుర్తు అతనితోనే వెళుతుంది. ఇంగ్లీషులో ‘రాధ గేవ్ రవి ఎ బుక్’ అన్నప్పుడు రవి మీద ఏ గుర్తూ లేదు. క్రియకు వెంటనే పక్కన ఉన్నాడు కాబట్టి మాత్రమే అతను గ్రహీత అయ్యాడు. ‘షీ షోడ్ ద టీచర్ ద స్టూడెంట్’ అంటే ఆమె పంతులుగారికి విద్యార్థిని చూపించింది. ఆ రెండు నామవాచకాల స్థానాలు మారిస్తే విద్యార్థికి పంతులుగారిని చూపించినట్లవుతుంది. తెలుగులో ప్రత్యయం చేసే పనిని ఇంగ్లీషులో స్థానం చేస్తుంది. క్రియ తరువాతి మొదటి చోటు పుచ్చుకునేవాడిది, రెండో చోటు అతనికి అందే వస్తువుది.

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. సుమారు 1100 వరకూ నడిచిన ప్రాచీన ఇంగ్లీషులో సంస్కృతానికి ఉన్నట్టే విభక్తులుండేవి. ‘ఎవరికి’ అనే అర్థానికి ఒక రూపం, ‘దేనిని’ అనే అర్థానికి మరొక రూపం. ఈనాటి ‘హిమ్’ ఆ కాలంలో ‘అతనికి’ అనే అర్థానికి చెందిన రూపం. ‘అతనిని’ అనడానికి ‘హినె’ అనే వేరే రూపం ఉండేది. తరువాతి శతాబ్దాల్లో పదాల చివరి అచ్చులు బలహీనపడి అంత్యప్రత్యయాలు రాలిపోయాయి, ‘హినె’ మాయమై ‘హిమ్’ ఒక్కటే రెండు పనులూ నెత్తికెత్తుకుంది. గుర్తులు పోయాక ఎవరు ఎవరో తెలియాలంటే రెండే దారులు మిగిలాయి: స్థానాన్ని గట్టిగా పాటించడం, లేదా ‘టు’ వంటి చిన్నమాటను ముందు పెట్టడం. ఇంగ్లీషు రెండింటినీ ఉంచుకుంది. ఈ రోజు మనల్ని తికమకపెట్టే జంట రూపాలు అలా మిగిలినవే.

ఇక్కడ ఒక పక్కదారి. ‘ద్వికర్మకం’ (రెండు కర్మలు గల క్రియ) అనే మాట మనకు సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చింది గాని, అక్కడి ద్వికర్మక ధాతువుల జాబితాలో ‘ఇవ్వడం’ లేదు. పాణిని లెక్కలో దానం పుచ్చుకునేవాడు కర్మ కాడు, సంప్రదానం. అతనికి చతుర్థీ విభక్తి వస్తుంది. పాలు పితకడం, యాచించడం, అడగడం వంటి ధాతువులకే రెండు కర్మలు, రెండూ ద్వితీయా విభక్తిలో: ‘గాం దోగ్ధి పయః’ అంటే ఆవును పాలు పితుకుతున్నాడు. తెలుగులోనూ దీని ఛాయ కనిపిస్తుంది. ‘ఇవ్వు’ అనే క్రియకు ‘రవికి’ కావాలి, ‘అడుగు’ అనే క్రియకు మాత్రం ‘రవిని’ కావాలి. ‘రవిని ఒక ప్రశ్న అడిగాను’ అన్న వాక్యంలో అసలైన రెండు కర్మలున్నాయి. కాబట్టి ఇంగ్లీషు ‘గివ్’ను ద్వికర్మకం అని అనువదించి ఊరుకుంటే, మన సంప్రదాయంలో సంప్రదానం అనే పాత్రను ఇంగ్లీషు కర్మ స్థానంలో కూర్చోబెట్టిందన్న అసలు సంగతి మరుగున పడుతుంది. ఆ సంగతి గుర్తుంటే మిగతాది సగం తేలికవుతుంది.

కర్మ స్థానంలోకి వచ్చిన సంప్రదానం తన అర్థాన్ని వెంట తెచ్చుకుంది: ఆ చోట ఉన్నవాడికి ఏదో ఒకటి దక్కాలి. ‘ఐ సెంట్ మై బ్రదర్ ద ఫైల్’ అంటే ఫైలు తమ్ముడి చేతికో, అతని మెయిల్‌కో చేరాలన్న ఉద్దేశం ఉంది. ‘ఐ సెంట్ ద ఫైల్ టు హైదరాబాద్’ అన్నదీ మంచి వాక్యమే, ఎందుకంటే ‘టు’ గమ్యాన్ని కూడా చెప్పగలదు. అదే ‘ఐ సెంట్ హైదరాబాద్ ద ఫైల్’ అంటే ఊరు ఫైలును పుచ్చుకోలేదు గనక వాక్యం వింతగా వినిపిస్తుంది. ‘హైదరాబాద్’ అంటే అక్కడి హెడ్ ఆఫీసు, అందులోని మనుషులు అని ఇద్దరికీ తెలిసినప్పుడే అది నిలబడుతుంది. మన ‘కి’ ఈ తేడాను పట్టించుకోదు. ‘హైదరాబాద్‌కి పంపాను’, ‘తమ్ముడికి పంపాను’, ‘నాకు ఆకలి వేస్తోంది’, ‘పదింటికి రా’ అంటూ ఊరికీ, మనిషికీ, అనుభవానికీ, గంటకూ ఒకే ప్రత్యయాన్ని వాడే అలవాటు ఉన్నవాళ్లకు ఇంగ్లీషులోని ఈ పట్టింపు కంటికి ఆనకపోవడంలో వింత లేదు. చిన్నప్పుడు వల్లెవేసిన ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ షష్ఠీ విభక్తిలోనే అది ఎన్ని పనులు చేస్తోందో చూడండి.

దక్కేది మంచిదే కానక్కర లేదు, చేత్తో పట్టుకునేదీ కానక్కర లేదు. ‘ద నాయిజ్ గేవ్ మి ఎ హెడేక్’ అంటే ఆ రొదకు నాకు తలనొప్పి వచ్చింది. దీన్ని ‘ద నాయిజ్ గేవ్ ఎ హెడేక్ టు మి’ అని తిప్పితే ఇంగ్లీషువాడి చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే తలనొప్పి రొద దగ్గర బయలుదేరి నా దగ్గరికి ప్రయాణం చేయలేదు. ‘టు’లో ఆ ప్రయాణపు వాసన ఉంటుంది. ‘గివ్ ఇట్ ఎ ట్రై’, ‘గివ్ ద కార్ ఎ వాష్’ వంటివీ ఈ కోవలోవే. కారుకు స్నానం ‘ఇవ్వడం’లో ఇచ్చిపుచ్చుకోవడాలేమీ లేవు, కడగడం అనే పనినే నామవాచకంగా మార్చి ‘గివ్’ కింద పెట్టారు; వీటికి ‘టు’ రూపం దాదాపు ఉండదు. ‘టు’ పెట్టి ఇంకో వాక్యంగా మార్చమని విద్యార్థికి అభ్యాసం ఇచ్చే పుస్తకాలు ఇలాంటి వాక్యాలను తెలివిగా తప్పించుకుంటాయి.

దక్కడం అనే ఈ షరతు అన్నిటికన్నా స్పష్టంగా బయటపడేది ‘ఫర్’ క్రియల్లో. కొనడం, వండడం, చేయడం, వెతకడం, దాచి ఉంచడం, ఆర్డరు ఇవ్వడం వంటి పనుల్లో ఇచ్చేవాడు ఇంకా ఇవ్వలేదు, ఇవ్వడానికి సిద్ధం చేస్తున్నాడు. అందుకే విడదీసి చెప్పినప్పుడు వీటికి ‘టు’ రాదు, ‘ఫర్’ వస్తుంది: ‘షి బాట్ ఎ సారీ ఫర్ హర్ మదర్’. దీన్నే ‘షి బాట్ హర్ మదర్ ఎ సారీ’ అని కూడా అనవచ్చు, ఎందుకంటే చీర చివరికి తల్లికే చేరుతుంది. తెలుగులో ఇటువంటి చోట ‘పెట్టు’ అనే క్రియను వెంట చేర్చుకునే వాడుక ఉంది: కొనిపెట్టింది, వండిపెట్టింది, చేసిపెట్టింది. కాని మన ‘పెట్టు’ తలుపు విషయంలోనూ పనిచేస్తుంది; ‘నాకు తలుపు తీసిపెట్టు’ అని నిశ్చింతగా అంటాం. ఇంగ్లీషులో ‘ఓపెన్ మి ద డోర్’ అనరు. ‘ఓపెన్ ద డోర్ ఫర్ మి’ అనే అనాలి. అదే ‘ఓపెన్ మి ఎ సోడా’ అంటే మాత్రం చక్కగా కుదురుతుంది. క్రియ అదే, మనిషీ అదే. మూత తీసిన సోడా నా చేతికి వస్తుంది, తెరిచిన తలుపు నా చేతికి రాదు. నా కోసం పని జరిగితే చాలదు, ఆ పని ఫలితం నా సొంతం కావాలి. ‘కుక్ మి సమ్ రైస్’ సరే, ‘క్లీన్ మి ద రూమ్’ కాదు. ‘సేవ్ మి ఎ సీట్’ సరే, ‘హోల్డ్ మి ద డోర్’ కాదు. ఈ ఒక్క పరీక్ష మనసులో పెట్టుకుంటే ‘ఫర్’ క్రియల్లో పొరపాట్లు చాలావరకు తగ్గుతాయి.

అర్థం కుదిరినంత మాత్రాన అన్ని క్రియలూ లొంగుతాయా అంటే, లొంగవు. ‘ఎక్స్‌ప్లెయిన్’ గొడవ అక్కడే వస్తుంది. వివరణ నాకు దక్కుతుంది కదా, మరి ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ ఎందుకు కాకూడదు? ‘డిస్క్రైబ్’, ‘సజెస్ట్’, ‘అనౌన్స్’, ‘డొనేట్’, ‘డెలివర్’, ‘రిటర్న్’, ‘ఇంట్రడ్యూస్’, ‘డెమాన్‌స్ట్రేట్’ ఇవన్నీ ఇలాంటివే. వీటిని ఒక్కచోట పెట్టి చూస్తే వీటి పుట్టుక కనిపిస్తుంది. ఇవి లాటిన్ నుంచి నేరుగానో, ఫ్రెంచి మీదుగానో ఇంగ్లీషులోకి వచ్చిన మాటలు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దాల్లోనూ, ఆ తరువాత పాండిత్య భాష ద్వారానూ గుంపులు గుంపులుగా దిగినవి. ‘గివ్’, ‘టెల్’, ‘సెండ్’, ‘షో’, ‘లెండ్’, ‘టీచ్’ వంటివి ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ కుదుటి మాటలు, ఎక్కువగా ఒకే అక్షరంగా పలికేవి. రెండు కర్మల పద్ధతి ఈ పాత కాపుల హక్కు. తరువాత వచ్చినవాళ్లు ‘టు’ పట్టుకునే నిలబడాలి.

అయితే సామాన్య వక్తకు మాటల వంశవృక్షం తెలియదు; పలుకుబడిని బట్టే పసిగడతాడు. ‘ఆఫర్’ మూలంలో లాటిన్, ‘ప్రామిస్’ మూలంలో లాటిన్, అయినా ‘హి ఆఫర్డ్ మి ఎ జాబ్’, ‘హి ప్రామిస్డ్ మి ఎ రెయిజ్’ రెండూ నిక్షేపంగా ఉన్నాయి. వాటిలో ఊనిక (పలికేటప్పుడు పడే ఒత్తు) మొదటి అక్షరం మీద పడుతుంది కాబట్టి అవి స్వదేశీ మాటల్లా వినిపిస్తాయని భాషాశాస్త్రజ్ఞులు చెప్పే వివరణ. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘డిస్క్రైబ్’, ‘సజెస్ట్’ ఈ మూడింటిలోనూ ఊనిక రెండో భాగం మీద పడుతుంది. ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. ‘అసైన్’, ‘అలాట్’, ‘అవార్డ్’ వంటి కేటాయింపు క్రియల్లో ఊనిక చివరే ఉన్నా ‘దే అవార్డెడ్ హర్ ఎ మెడల్’ అంటారు. ‘రికమెండ్’ విషయంలో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు; ‘రికమెండ్ మి ఎ హోటల్’ అనేవాళ్లూ ఉన్నారు, అది వింటే ముఖం చిట్లించేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషు పిల్లలు కూడా ‘సే మి’ తరహా వాక్యాలు కొంతకాలం అని, ఎవరూ కూర్చోబెట్టి దిద్దకుండానే మానేస్తారు. తప్పని ఎవరూ చెప్పకపోతే తప్పని ఎలా తెలిసిందన్న ప్రశ్నను 1979లో సి. ఎల్. బేకర్ అనే భాషాశాస్త్రజ్ఞుడు లేవనెత్తాడు. దాని మీద చర్చ దశాబ్దాల పాటు సాగింది. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లకే ఇంత చర్చ అవసరమైన చోట మనకు తడబాటు రావడం నామోషీ ఏమీ కాదు.

మన తడబాటు రెండు వైపులా ఉంటుందన్నది గమనించదగ్గ విషయం. ఒకవైపు ‘సజెస్ట్ మి ఎ గుడ్ డాక్టర్’, ‘డెలివర్ మి ద పార్సిల్’, ‘రిటర్న్ మి మై మనీ’ అంటూ ‘టు’ కావలసిన చోట వదిలేస్తాం. డబ్బు తిరిగి ఇవ్వమనడానికి ‘గివ్ మి బ్యాక్ మై మనీ’ అనే సులువైన దారి పక్కనే ఉంది. మరోవైపు ‘ఐ టోల్డ్ టు హిమ్’, ‘ఐ ఆస్క్‌డ్ టు హిమ్’ అంటూ అక్కర లేని చోట ‘టు’ను దిగేస్తాం. ‘టోల్డ్ టు హిమ్’ వెనక ‘అతనికి చెప్పాను’ ఉందని తెలుస్తూనే ఉంది. ‘ఆస్క్‌డ్ టు హిమ్’కు మాత్రం తెలుగు మీద నింద వేయడం కష్టం, ఎందుకంటే మనం ‘అతనికి అడిగాను’ అనం, ‘అతన్ని అడిగాను’ అంటాం. ఇక్కడ తెలుగును నమ్ముకున్నవాడికే సరైన ఇంగ్లీషు వస్తుంది. ‘చెప్పడం’ చుట్టూ ఉన్న గందరగోళం ఇంకొంచెం లోతైనది. తెలుగులో ఒక్క ‘చెప్పు’ చేసే పనిని ఇంగ్లీషులో ‘సే’, ‘టెల్’ పంచుకున్నాయి. ‘టెల్’కు వినేవాడు కర్మగా కావాలి, ‘సే’కు చెప్పిన మాట కర్మగా కావాలి, వినేవాడు దానికి ‘టు’ వెనకనే వస్తాడు.

ఇంకొక గుంపు క్రియలు మనిషిని పక్కన పెట్టుకుంటాయి గాని, రెండో దాన్ని నేరుగా రానివ్వవు. ‘ఇన్‌ఫార్మ్ హిమ్ ఆఫ్ ద డిలే’, ‘రిమైండ్ మి ఆఫ్ ద మీటింగ్’, ‘సప్లై దెమ్ విత్ వాటర్’, ‘ప్రెజెంట్ హర్ విత్ ఎ షీల్డ్’. ఇక్కడ వస్తువుకు ‘ఆఫ్’ గాని ‘విత్’ గాని తోడు కావాలి. ఆఫీసు మెయిళ్లలో తరచూ కనిపించే ‘ఐ విల్ ఇన్‌ఫార్మ్ టు హిమ్’ అనే వాక్యం ఈ గుంపును ‘గివ్’ గుంపుతో కలపడం వల్ల పుట్టినదే.

‘దక్కడం’ అన్నాం గాని, దక్కకుండా పోవడం కూడా ఇదే మూసలో ఇమిడింది. ‘ద రిపెయిర్ కాస్ట్ మి టూ థౌజండ్ రుపీస్’, ‘హి చార్జ్‌డ్ అస్ ఫైవ్ హండ్రెడ్’, ‘ద పోలీస్ ఫైన్డ్ హిమ్ ఎ థౌజండ్ రుపీస్’ వంటి వాక్యాల్లో మనిషి చేతిలోంచి పోతోంది, రావడం లేదు. ‘దే డినైడ్ హర్ ఎ వీసా’ అన్నప్పుడు రావలసింది రాకుండా ఆగింది. ఇచ్చుకోవడమైనా పోగొట్టుకోవడమైనా మనిషికీ వస్తువుకూ మధ్య స్వాధీనమనే సంబంధమే మారుతోంది గనక ఇంగ్లీషు వీటికీ ఆ చోటునే ఇచ్చింది. వీటిలో చాలావాటికి విడదీసిన రూపం లేదు; ‘కాస్ట్ టూ థౌజండ్ రుపీస్ టు మి’ అని ఎవరూ అనరు. ‘ఆస్క్’ కూడా మామూలుగా ఇంతే. ‘ఆస్క్ హిమ్ ఎ క్వశ్చన్’ తప్ప ‘ఆస్క్ ఎ క్వశ్చన్ టు హిమ్’ లేదు. ‘విష్ యు లక్’, ‘ఎన్వీ యు యువర్ జాబ్’ వంటివీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక ‘గివ్’, ‘సెండ్’ వంటి క్రియలకు రెండు రూపాలూ సాధ్యమైనప్పుడు ఏది ఎంచుకోవాలి? వ్యాకరణం రెండింటికీ అనుమతి ఇచ్చింది కాబట్టి నాణెం ఎగరేయవచ్చనుకుంటే పొరపాటు. అప్పటికే తెలిసిన సంగతి ముందు, కొత్త సంగతి వెనక. పొట్టిది ముందు, పొడుగుది వెనక. ఇంగ్లీషు వాక్యం ఈ రెండు మొగ్గులనూ చాలా శ్రద్ధగా పాటిస్తుంది. ‘మరి రవికి ఏమిచ్చావు?’ అన్న ప్రశ్నకు ‘ఐ గేవ్ హిమ్ ఎ వాచ్’ సహజమైన జవాబు, ఎందుకంటే రవి తెలిసినవాడు, వాచీ కొత్త సంగతి. ‘ఆ వాచీ ఏమైంది?’ అన్న ప్రశ్నకు ‘ఐ గేవ్ ఇట్ టు రవి’ అనాలి. ఇప్పుడు వాచీ తెలిసినది, రవి కొత్తవాడు. పుచ్చుకునేవాళ్ల వర్ణన బారెడు ఉంటే, ఉదాహరణకు గత ఏడాది వరదల్లో ఇళ్లు కోల్పోయి ఇంకా బడి గదుల్లో తలదాచుకుంటున్న కుటుంబాలకు దుప్పట్లు ఇచ్చారని చెప్పాలంటే, ‘దే గేవ్ బ్లాంకెట్స్ టు’ అని మొదలుపెట్టి ఆ వర్ణన అంతా చివరికి నెట్టాలి. లేకపోతే దుప్పట్ల దగ్గరికి వచ్చేసరికి చదివేవాడికి క్రియ మరిచిపోతుంది. తెలుగులో క్రియ చివర ఉంటుంది కాబట్టి మనం పొడుగాటి వర్ణనలను ముందే దించుకోవడానికి అలవాటు పడ్డాం. ఆ అలవాటుతో రాసిన ఇంగ్లీషు తప్పు కాకపోయినా బరువుగా నడుస్తుంది.

2007లో జోన్ బ్రెస్నన్ అనే భాషాశాస్త్రజ్ఞురాలు మరి ముగ్గురు పరిశోధకులతో కలిసి ప్రచురించిన అధ్యయనం అమెరికన్ల టెలిఫోన్ సంభాషణలను తీసుకుని ఈ ఎంపికను గణాంక పద్ధతిలో పరీక్షించింది. ప్రస్తావనకు వచ్చిందా లేదా, సర్వనామమా కాదా, ఎంత పొడుగు, ప్రాణం ఉన్నదా లేనిదా వంటి వివరాలను చేర్చి చూస్తే వక్త ఏ రూపం ఎంచుకున్నాడో నూటికి 90కి పైగా సందర్భాల్లో సరిగ్గా ఊహించవచ్చని తేలింది. అంటే ఈ ఎంపిక వక్త ఇష్టాయిష్టాల మీద జరిగేది కాదు, తనకు తెలియకుండానే సందర్భాన్ని తూచి చేసేది. ‘గివ్ రవి ఇట్’ అనే వాక్యం చెవికి గుచ్చుకోవడం వెనక కూడా ఇదే ఉంది: ‘ఇట్’ కన్నా తెలిసినదీ లేదు, పొట్టిదీ లేదు, దాన్ని చివరికి నెడితే వాక్యం కుంటుతుంది. ఇంగ్లండు ఉత్తర ప్రాంతాల మాండలికాల్లో ‘గివ్ ఇట్ మి’ అని వస్తువునే ముందు పెట్టి ‘టు’ లేకుండా చెప్పే వాడుక ఉంది. పరీక్షలో రాయకూడదు గాని, అక్కడివాళ్లు అంటే విని తప్పు పట్టనక్కర లేదు.

మన పదో తరగతి పిల్లలు రెండు కర్మలను ముఖాముఖి ఎదుర్కొనేది పాసివ్ వాయిస్ దగ్గర. ‘దే గేవ్ రవి ఎ ప్రైజ్’ అన్న వాక్యాన్ని మార్చమంటే ‘రవి వజ్ గివెన్ ఎ ప్రైజ్’ అన్నా, ‘ఎ ప్రైజ్ వజ్ గివెన్ టు రవి’ అన్నా మార్కులు పడతాయి. మొదటిది తెలుగులో ఊహించుకోవడం కష్టం. ‘రవి బహుమతి ఇవ్వబడ్డాడు’ అంటే నవ్వొస్తుంది, ‘రవికి బహుమతి ఇవ్వబడింది’ అనే గ్రాంథికపు వాసన వాక్యం వరకే మనం వెళ్లగలం. ఇంగ్లీషులో పుచ్చుకునేవాడు నిజంగానే కర్మ అయ్యాడనడానికి దీనికంటే గట్టి సాక్ష్యం లేదు: కర్మ మాత్రమే కర్త స్థానానికి ఎక్కగలదు, రవి ఎక్కాడు. ఇదే కొలబద్దను ‘ఎక్స్‌ప్లెయిన్’కు పెట్టి చూడండి. అది మనిషిని కర్మగా తీసుకోదు, కాబట్టి మనిషి పాసివ్‌లో కర్త కాలేడు. మన కార్యాలయాల ఇంగ్లీషులో విరివిగా వినిపించే ‘ఐ వజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ అబౌట్ ద ప్రాసెస్’ అనే వాక్యం సరిగ్గా ఇక్కడే దొరికిపోతుంది. ‘ద ప్రాసెస్ వజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి’ అనాలి, లేదా క్రియ మార్చి ‘ఐ వజ్ టోల్డ్ అబౌట్ ద ప్రాసెస్’ అనాలి. ‘ఫర్’ క్రియలు మధ్యరకం. ‘ఎ సీట్ వజ్ సేవ్డ్ ఫర్ మి’ అందరికీ సమ్మతమే గాని, ‘ఐ వజ్ సేవ్డ్ ఎ సీట్’ అంటే కొందరు తటపటాయిస్తారు.

క్రియ తరువాత రెండు నామవాచకాలు కనిపించిన ప్రతిచోటా రెండు కర్మలున్నాయనుకోవడం ఇంకో ఉచ్చు. ‘దే ఎలెక్టెడ్ హిమ్ ప్రెసిడెంట్’ అన్నప్పుడు అతనికి అధ్యక్షుడు దక్కలేదు, అతనే అధ్యక్షుడయ్యాడు; రెండు నామవాచకాలూ ఒకే మనిషిని సూచిస్తున్నాయి, కాబట్టి రెండోది కర్మ కాదు, కర్మను గురించి చెప్పే పూరకం. ‘దే నేమ్డ్ ద బేబీ లక్ష్మి’ కూడా అంతే. ‘కాల్ మి ఎ టాక్సీ’ అని అతిథి అడిగితే ‘సరే, మీరు ఒక టాక్సీ’ అని హోటల్ నౌకరు బదులిచ్చే పాత పరిహాసం ఈ రెండు నిర్మాణాలు పైకి ఒకేలా ఉండడం మీదే ఆధారపడింది. అర్థం తేల్చుకోవడానికి ‘టు’ గాని ‘ఫర్’ గాని పెట్టి విడదీసి చూడాలి. ‘కాల్ ఎ టాక్సీ ఫర్ మి’ అని మారితే అది ద్వికర్మకం; మారకపోగా రెండు నామవాచకాలూ ఒకరినే సూచిస్తే పూరకం. ‘షి మేడ్ హిమ్ ఎ కాఫీ’ మారుతుంది, ‘షి మేడ్ హిమ్ ఎ స్టార్’ మారదు.

ఈ రెండు కర్మల మూస పాతదే అయినా మూతపడలేదు. కొత్త సమాచార సాధనం పుట్టిన ప్రతిసారీ దాని పేరు ఎవరూ నేర్పకుండానే క్రియగా మారి ఈ వరసలో నిలబడుతుంది: ‘ఫ్యాక్స్ మి ద లెటర్’, ‘ఈమెయిల్ మి ద బిల్’, ‘టెక్స్ట్ మి ద అడ్రస్’, ‘వాట్సాప్ మి ద లొకేషన్’. అమెరికాలో ఉన్న తెలుగు విద్యార్థులు గది అద్దె పంచుకునేటప్పుడు ‘వెన్మో మి ట్వంటీ డాలర్స్’ అనడం మామూలే. డబ్బు పంపే ఆ యాప్ పేరు క్రియగా మారి రెండు కర్మలు తీసుకుంటోందని వాళ్లెవరూ ఆగి ఆలోచించరు. చిత్రంగా, సందేశం ఏ సాధనంలో వెళ్లిందో చెప్పే క్రియలకు ఇంత సులువుగా తలుపు తెరిచిన ఇంగ్లీషు, ఏ గొంతుతో చెప్పారో చెప్పే క్రియలకు తెరవలేదు. ‘విస్పర్ మి ద సీక్రెట్’, ‘షౌట్ మి ద ఆన్సర్’ అనరు; ‘విస్పర్ ద సీక్రెట్ టు మి’ అనాలి. అలాగే బంతి విసరడానికి ‘త్రో మి ద బాల్’ కుదురుతుంది గాని, పెట్టెను తోసుకుంటూ తేవడానికి ‘పుష్ మి ద బాక్స్’ కుదరదు.

ఇన్ని గుంపులను బట్టీ పట్టడం కంటే, కొత్త క్రియ నేర్చుకున్నప్పుడు దాని ఇరుగుపొరుగును కూడా కలిపి నేర్చుకోవడం మేలు. విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీషు నిఘంటువుల్లో ప్రతి క్రియ కిందా ఆ క్రియ వాక్యంలో ఎలా నిలబడుతుందో సూచించే చిన్న మూస ఇస్తారు. అర్థం కోసం వెతికేవాళ్లు దాన్ని దాటేసి వెళ్లిపోతుంటారు. ‘టెల్’ కింద ‘సమ్‌బడీ సమ్‌థింగ్’ అని ఉంటుంది. ‘ఎక్స్‌ప్లెయిన్’ కింద ‘సమ్‌థింగ్ టు సమ్‌బడీ’ అని ఉంటుంది. ‘రిమైండ్’ కింద ‘సమ్‌బడీ ఆఫ్ సమ్‌థింగ్’ అని ఉంటుంది.